అనుబంధం నిండా సూపర్‌వైజర్

మా ఎదురింటి అమ్మాయి ఏర్పేడు దగ్గర ఇంజనీరింగ్‌లో పెద్ద చదువు చదువుతోంది. మొన్న ఆదివారం చిత్తూరు వచ్చినప్పుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. "అమ్మమ్మా, నువ్వు థీసిస్సులు చూసే ఆఫీసులో పనిచేసినావు కదా. రిపోర్టులో యాడా పట్టనివన్నీ చివర్లో అనుబంధం అని పెట్టి పడేస్తే సరిపోతాది కదా? దాన్ని ఎవురూ చదవరంట కదా?" అని అడిగింది.

నేను చిక్కుడుకాయలకు నార తీస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కోపం రాలేదని చెప్తే అబద్ధమవుతుంది. కానీ ఆ పిల్ల తప్పేముంది? ఉద్యోగం పొడుగునా ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ప్రొఫెసర్లే అనేవాళ్లు. "కూర్చో" అని సగం కాయలు ఆమె ముందుకు తోసి, ఒక థీసిస్ కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. రిపోర్టులూ థీసిస్సులూ రాయబోయే మీలాంటి పిల్లలకు కాస్త ఉపయోగపడితే సంతోషం. పడకపోయినా నాకు పోయేదేమీ లేదు, రిటైరైనదాన్ని.

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో థీసిస్ విభాగం సూపరింటెండెంటుగా నేను రిటైరయ్యాను. పరిశోధకులు తెచ్చిన గ్రంథం నియమాల ప్రకారం ఉందో లేదో చూసి లోపలికి తీసుకోవడం మా పని. లోపల వాళ్లేం కనిపెట్టారన్నది మాకు అనవసరం. అంచులు, పేజీ నంబర్లు, విషయసూచిక, ఆధార గ్రంథాలు, చివర అనుబంధాలు సరిగ్గా ఉన్నాయా, అంతే. నన్ను 'తిరగ్గొట్టే మేడం' అనేవాళ్లని నాకు తెలుసు. తెలియనట్టు ఉండేదాన్ని.

ఆ పేరు రావడానికి కారణం నా అలవాటొకటి. థీసిస్‌లో 'అనుబంధం రెండు చూడండి' అని ఎక్కడ కనబడినా నేను నిజంగానే వెళ్లి చూసేదాన్ని. చూడమన్నాడు కదా, చూస్తే తప్పేమిటి? చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. ఒక మహానుభావుడు ఏడో అనుబంధం చూడమన్నాడు. చూస్తే ఆయన పెట్టినవే మూడు. "అయ్యా, మిగతా నాలుగు ఇంటి దగ్గర మరిచిపోయినారా?" అని అడిగితే నా మీద వైస్ చాన్సలర్‌కు ఫిర్యాదు చేశాడు.

నా పక్క టేబుల్ ఆయన నాకు పూర్తిగా విరుద్ధం. నా వయసువాడే, మనసు వెన్న. ఎవరు దిగులు మొహంతో వచ్చినా ఆయన స్టాంపు దానంతటదే లేచేది. "అనుబంధం యాడ ఎవురు సదువుతారు మేడం, మీ పిచ్చి గాని. పాపం బిడ్డలు ఎంత దూరం నుంచి వచ్చినారో" అనేవాడు. ఇద్దరం ఇలాగే ఏళ్ల తరబడి పోట్లాడుకుంటూ ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం.

ఒక మంగళవారం దిగులు మొహం లేకుండా వచ్చిన అమ్మాయి ఈ కథలో అసలు మనిషి. పూతలపట్టు దగ్గర పల్లె. అమ్మా నాయనా మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్లు. కాయల కాలంలో అమ్మ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి పోయేది. ఆ అమ్మాయి తెలుగు శాఖలో చేసిన పరిశోధన కూడా ఆ ఏరే ఆడవాళ్ల మాట తీరు మీదే. శుక్రవారంతో ఆమె గడువు అయిపోతుంది. ఒకసారి పొడిగించారు, ఇంకోసారి పొడిగించరు. ఆ సాయంత్రం లోపల గ్రంథం మా టేబుల్ మీద పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, అన్నేళ్ల పనీ నీళ్లపాలు. అయినా మంగళవారమే తెచ్చిందంటే బుద్ధిమంతురాలే అనుకున్నాను.

ఆమె కనిపెట్టింది ఏమిటో మీకు రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు 'ఉండాది' అంటారు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వచ్చి పక్కన నిలబడితే అదే నోరు 'ఉంది' అంటుంది. ఆయన అటు పోగానే మళ్లీ 'ఉండాది'. ఇలా మారుతున్నామని వాళ్లకే తెలియదు. ఎవరి ముందు, ఏ మాట, ఎందుకు మారుతుందన్నదే ఆమె థీసిస్. వాళ్ల అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసి, విన్నది విన్నట్టు చేత్తో రాసి, ఆ సంభాషణలన్నీ అనుబంధం రెండుగా పెట్టింది.

నేను పేజీలు తిప్పుతుంటే నాలుగో అధ్యాయంలో ఒకచోట కళ్లు ఆగాయి. అక్కడ ఆమె ఇలా రాసింది: 'ఈడ మెత్తగా ఉండాది సూడు, దీన్ని పక్కన పెట్టల్ల' అని తోటి కూలీతో అన్న మనిషే, కాసేపటికి సూపర్‌వైజర్‌తో 'ఇక్కడ మెత్తగా ఉంది సార్' అంటుంది. పూర్తి సంభాషణకు అనుబంధం రెండు చూడండి.

చూశాను. అనుబంధం రెండులో ఆ తల్లి తోటి కూలీతో కూడా 'ఇక్కడ మెత్తగా ఉంది చూడు, దీన్ని పక్కన పెట్టాలి' అంటోంది. ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను. ఎక్కడా ఒక్క 'ఉండాది' లేదు. ఒక్క 'సూడు' లేదు. 'మా యత్త నేర్పించినాది' అని ఆ తల్లి అన్నట్టు అధ్యాయంలో ఉంటే, అనుబంధంలో 'మా అత్తగారు నేర్పించారు' అని ఉంది. కాయలు ఏరే బెంచీ దగ్గర అందరూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతున్నారు.

"ఏమ్మా, నీ థీసిస్ ఒకటి చెప్తుంది, నీ అనుబంధం ఇంకొకటి చెప్తుంది. ఏది నమ్మాలి?" అన్నాను.

ఆ అమ్మాయి గ్రంథాన్ని తన వైపు తిప్పుకుంది. అధ్యాయాలు తానే దిద్దుకుందట. అనుబంధం మాత్రం ఆ పొద్దున్నే డీటీపీ షాపులో ప్రింటు తీసి, అట్నుంచి అటే బైండింగుకు పోయి, బస్సు పట్టుకుని మా దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడే మొదటిసారి చూస్తోంది. ఏడుస్తుందేమో, మా పక్క టేబుల్ ఆయన స్టాంపు లేస్తుందేమో అని నేను ఇటూ అటూ చూస్తున్నాను. ఆమె ఏడవలేదు. చివరి పేజీ దాకా తిప్పి, మూసి, "మేడం, దీంట్లో ప్రతి పేజీలోనూ సూపర్‌వైజర్ నిలబడుకోని ఉండాడు" అంది.

అన్నేళ్ల సర్వీసులో ఒక తప్పును అంత సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

మా పక్క టేబుల్ ఆయన అప్పటికే స్టాంపు సిరాలో ముంచేశాడు. "పాపా, నాదొక మాట విను. అనుబంధం పెట్టల్లని రూలేమీ లేదు. ఉంటే ఉండచ్చు, లేకుంటే లేదు. ఆ పేజీలు పీకేసి మళ్లీ బైండు చేయించుకోని రా. రేపే తీసుకుంటాం. గడువు దాటిపోతే నిన్ను దేవుడు కూడా కాపాడలేడు."

నిజమే, రూలు అలాగే ఉంది. నేను కూడా నోరు మూసుకున్నాను. ఎవరైనా ఆ దారే పట్టేవాళ్లు, నేను తప్పు పట్టేదాన్ని కాదు.

"వద్దు సార్" అంది ఆ అమ్మాయి. "అధ్యాయాల్లో ఉండేదంతా నేను చెప్పింది. వాళ్లు చెప్పింది అనుబంధంలో ఉండాది. అది పీకేస్తే నా మాట నమ్మేదానికి ఏముండాది? మా అమ్మ మాట లేకుండా నాకు డాక్టరేటు యాలకు సార్?"

అనుబంధం ఎందుకు అని అడిగే పిల్లలు ఈ మాట గుర్తు పెట్టుకోండి. 'నేనిలా అంటున్నాను, నమ్మకపోతే ఇదిగో, నువ్వే చూసుకో' అని చదివేవాడి ముందు మూట విప్పి పెట్టడమే అనుబంధం. మూట విప్పడానికి ధైర్యం కావాలి. ఆ అమ్మాయికి ఉంది.

మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి నేనూ ఆమెతో బయల్దేరాను. సాయం చేద్దామని కాదు. ఆ డీటీపీవాణ్ణి నాలుగు దులపాలని. బస్టాండు వెనక సందులో చిన్న షాపు. గోడ నిండా పెళ్లి కార్డుల నమూనాలు, మూల ఫ్లెక్సీ చుట్టలు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు నొసటి మీదికి తోసుకుని టైపు చేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం చాటంత అయింది.

"రా పాపా, అయిపోయినాదా ఇచ్చేది? సూసినావా నీ అనుబంధం? పిన్ను గుచ్చేదానికి కూడా ఒక తప్పు లేకుండా సేసినా. అధ్యాయాల్లో కొటేషన్లు పెట్టుకోని ఉండావు, అవి ముట్టుకోలేదు. ఆఖర్న ఉండేది మాత్రం నువ్వు తొందరలో రాసినట్టుండావు, అన్నీ తప్పులే. యూనివర్సిటీ వాళ్లు సూస్తే మన పాపను నగతారే అని ఒక్కొక్క మాటా సరిజేసినా. నువ్వేం అనుకోబాక, ఊరికే సేసినాలే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమప్పా, నీకేమన్నా తిక్క పట్టినాదా? ఎవురు దిద్దమన్నారు నిన్ను? ఆ బిడ్డ బతుకు శుక్రవారం దాకానే ఉండాది, తెలుసునా నీకు?" అని అరిచేశాను. ఆయన బిక్కచచ్చిపోయాడు. నా పక్కనుంచి కిసుక్కున నవ్వు వినబడింది. చూస్తే ఆ అమ్మాయి.

"మేడం, ఆఫీసులో మీరు ఒక్కసారి కూడా 'ఎవురు' అనలేదు" అంది.

ఇంత ఆపద మీద ఉండి కూడా ఆ పిల్ల చెవి పని మానలేదు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. ఏం జరిగిందో ఆమె ఆయనకు ఓపిగ్గా చెప్పింది. తప్పుల్లా కనబడినవే తన పరిశోధన అని, అవి పోతే ఇంకేమీ మిగలదని. ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుస్తూనే ఉన్నాడు.

"నేనూ ఇట్లనే మాట్లాడతా పాపా. మా ఇంట్లో అందురూ ఇట్లనే. అయితే అది మాట్లాడేదానికి గాని రాసేదానికి పనికొస్తాదని నాకెవురూ సెప్పలేదు. ఇస్కూల్లో పరీక్ష పేపర్లో 'ఉండాది' అని రాసినానని అయివారు గోడకుర్చీ ఏయించినాడు. అప్పుటి నుంచి నా సెయ్యి ఆ మాట రాయదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "పుస్తకాలు తేపో. మళ్లా కొడతా. షాపు మూసేస్తా, వేరే పని తీసుకోను" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఆ అమ్మాయి చేతిరాత పుస్తకాలు తీసుకుని వెళ్లింది. అనుబంధం అవుతుందా అవదా అని నాకు ఆఫీసులో కాలు నిలవక, భోజనాల వేళ మళ్లీ పోయాను. పోతే అక్కడ కొత్త చిక్కు. ఆయన కళ్లతో 'సూసినాను' అని చూస్తాడు, చెయ్యి 'చూశాను' అని కొడుతుంది. చెరిపేస్తాడు, మళ్లీ కొడతాడు, మళ్లీ అదే. కావాలని కాదు పాపం. "నా సెయ్యి నా మాట ఇనడం లేదు పాపా" అని తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అయినవి గుప్పెడు పేజీలు.

నేనైతే ఇంకో డీటీపీ షాపు వెతుకుదాం అన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఇంకో షాపులోనూ ఇంకో గోడకుర్చీ ఉంటుంది కదా అంది. కాసేపు ఆయన చేతుల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత పుస్తకం మూసేసి, తన ఫోన్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించి ఆయన చెవుల్లో పెట్టింది. "అన్నా, చూడొద్దు. ఊరికే విను. విన్నది విన్నట్టు కొట్టు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చేతులు కదలడం మొదలుపెట్టాయి. తెర మీద 'కాయి ముట్టుకుంటే సాలు' అని పడింది. 'యాడ మాగేదో యాడ కుళ్లేదో సెయ్యే సెప్తాది' అని పడింది. 'మా యత్త నేర్పించినాది' అని పడింది. కంటి నుంచి పోతే దిద్దే చెయ్యి, చెవి నుంచి పోతే దిద్దలేదు! నేను నోరెళ్లబెట్టి చూస్తున్నాను. ఆయన మధ్యలో ఆగి, "పాపా, ఈ మాట్లాడేది మీ అమ్మనా? బలే మాట్లాడతా ఉండాదే, పక్కన కూసోని సెప్పినట్టే ఉండాది" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ పద్ధతి కనిపెట్టిన ఆ అమ్మాయి తెలివిని ఇప్పటికీ తలుచుకుంటాను. నాకు జన్మలో తట్టేది కాదు.

గురువారం సాయంత్రానికి అనుబంధం రెండు తయారైంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు. ఆ అమ్మాయికి ఇంకో ఆలోచన వచ్చింది. దిద్దిన ప్రతిని పారేయకుండా అనుబంధం మూడుగా పెడతానంది. ఎందుకంటే ఆ ఆడవాళ్లు సూపర్‌వైజర్ ముందు చేసిందే, ఈయన యూనివర్సిటీ ముందు చేశాడు. ఎవరూ చెప్పకుండా, తనకు తెలియకుండా, తన వాళ్లు నవ్వులపాలు కాకూడదని. అంతకంటే రుజువు ఏం కావాలి?

ఆమె గైడు తక్కువ మాటల మనిషి. ఫోన్‌లో అంతా విని, "మంచిదే. అయితే ఫ్యాక్టరీలో ఆడవాళ్లను అడిగినట్టే ఆయన్నీ అడుగు. ఆయన వద్దంటే ఒక్క పేజీ కూడా వద్దు" అన్నాడట. ఆ మాటతో నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. థీసిస్ గట్టిపడాలని చూసే గైడ్లు చాలామంది ఉన్నారు. ఎవరి పరువుతో గట్టిపడుతోందని చూసేవాళ్లు తక్కువ.

అడిగితే డీటీపీ ఆయన అదిరిపడ్డాడు. "నా తప్పును పుస్తకంలో ఎక్కిస్తారా? రేపు నా మొగం యాడ పెట్టుకునేది?"

"తప్పు అని నేను రాయను అన్నా. ఎందుకు దిద్దినావో నీ మాటల్లోనే నువ్వు చెప్పు. దాన్నే మొదటి పేజీగా పెడతా. నీ పేరు రాయను. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తా, నాకేం కోపం లేదు."

ఆయన లేచి గోడ మీద ఒరిగిపోయిన పెళ్లి కార్డు ఒకటి సరిచేశాడు. తర్వాత ఫోన్ తన ముందుకు లాక్కుని గోడకుర్చీ సంగతి, అయివారి సంగతి, పాపను చూసి ఎవరూ నవ్వకూడదనుకున్న సంగతి చెప్పాడు. చెప్పింది టైపు చెయ్యడానికి ఆయనే కూర్చున్నాడు. ఈసారి ఇయర్‌ఫోన్లు వద్దన్నాడు, నా మాటలు నాకు తెలీవా అని. మొదటి ముక్క కొట్టాడు: 'నేను చెప్పాను.' తెర మీద దాన్ని చూసుకున్నాడు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ పోయి, ఒక్క వేలితో, పలక మీద దిద్దే పిల్లాడిలా కొట్టాడు: 'నేను సెప్పినా.'

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వుతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గ్రంథం మా టేబుల్ మీదికి వచ్చింది. నేను నాలుగో అధ్యాయం తీసి, అనుబంధం రెండు చూడమన్నచోట చూశాను. ఉండాది. పక్క టేబుల్ ఆయన ఈసారి స్టాంపు ఎత్తకుండా నా వైపు చూశాడు. "మీరే కొట్టండి మేడం" అన్నాడు. స్టాంపు ఇంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొన్ని నెలల తర్వాత వైవా జరిగింది. మా విభాగం వాళ్లం వైవాలకు పోయే ఆనవాయితీ లేదు. నేను పోయాను. పక్క టేబుల్ ఆయన కూడా వచ్చాడు, కాఫీ ఫ్లాస్కుతో సహా. వెనక వరసలో ఆ అమ్మాయి తల్లి కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ చివరన కూర్చుని ఉంది. ఆమె పక్కన షాపు మూసేసి వచ్చిన మా డీటీపీ ఆయన.

పరీక్షకుడు కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దాయన. గట్టివాడని పేరు. థీసిస్‌ను పొగడడం అలా ఉంచి, నేరుగా అనుబంధాలకే వచ్చాడు. "అమ్మా, రెండులోనూ మూడులోనూ ఉన్నవి అవే సంభాషణలు కదా. గ్రంథానికి బరువు తప్ప దీనివల్ల ప్రయోజనమేమిటి? ఇంకొకటి. రికార్డు చేసింది మీరు, రాసింది మీరు, ఆ మాట్లాడినవాళ్లలో ఒకరికి బిడ్డ కూడా మీరే. వాళ్లు నిజంగా అలా మార్చి మాట్లాడతారని నేనెలా నమ్మాలి?"

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. దీనికి జవాబు రాకపోతే మళ్లీ రాసుకుని రమ్మంటారు. ఆ అమ్మాయి భయపడలేదు. "సార్, అందుకే మూడో అనుబంధం పెట్టినాను. అది నా చేతి పని కాదు. నా పరిశోధన ఏమిటో తెలియని మనిషి, తనంతట తాను దిద్దినాడు. ఆయన ఏయే మాటలు దిద్దినాడో, మా ఆడవాళ్లు సూపర్‌వైజర్ ముందు దాదాపు అవే మాటలు మార్చుకుంటారు. పక్కపక్కన పెట్టి చూడండి సార్."

పెద్దాయన రెండు చోట్లా వేళ్లు పెట్టి కాసేపు చూశాడు. తల ఊపలేదు. "మీ అమ్మగారు ఇక్కడికి వచ్చారా?" అని అడిగాడు.

వెనక వరసలో తల్లి చటుక్కున లేచి నిలబడింది. "ఉన్నాను సార్."

"మీ అమ్మాయి మీ గురించి రాసిందంతా నిజమేనామ్మా?"

"నిజమే సార్. అంతా బాగా ఉంది సార్."

ఒక్క క్షణం ఎవరికీ తట్టలేదు. ముందు గైడు మొహంలో నవ్వు కదిలింది. తర్వాత విద్యార్థులు, తర్వాత మేము, గది మొత్తం నవ్వులే నవ్వులు. పాపం ఆ తల్లి కంగారు పడిపోయి పక్కనున్న డీటీపీ ఆయన భుజం పట్టుకుంది. "యాలప్పా అందురూ నగతా ఉండారు? నేనేమన్నా తప్పుగా సెప్పినానా?" ఆమె గుసగుసగా అడిగాననుకుంది గానీ, కాయల బెంచీ దగ్గర మిషన్ల మోతలో మాట్లాడిన గొంతు అది. అందరికీ వినబడింది.

పెద్దాయన కలం పైకెత్తాడు. "ముందు అన్నది అనుబంధం మూడు" అన్నాడు. "ఇప్పుడన్నది అనుబంధం రెండు." గ్రంథం మూసేశాడు. "నాకింక ప్రశ్నలు లేవు."

అమ్మాయి వెనక వరసకు పరిగెత్తి, తల్లి చెయ్యి పట్టుకుని, ఎందుకు నవ్వారో చెవిలో చెప్పింది. ఆ తల్లి విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తనూ నవ్వింది. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. "అయితే నా మాట పరీచ్చ పాసయినట్టేనా సార్?" అని అడిగింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, "పాసయిందమ్మా. మీ మాటా, మీ అమ్మాయీ" అన్నాడు. అంత గట్టివాడు, ఆమెకు నమస్కారం పెట్టాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కాలేజీలో పాఠం చెబుతోంది. పిల్లల పేపర్లలో 'ఉండాది' కనబడితే కొట్టివేయదట. పక్కన చిన్న గీత గీసి, ఇది ఎవరితో అనేటప్పుడు, ఎవరికి రాసేటప్పుడు అని మాట్లాడుతుందట. డీటీపీ షాపు కూడా ఉంది. చేతిరాత తెచ్చినవాళ్లను ఆయన ఇప్పుడు మొదట అడిగే మాట, "దిద్దల్లనా, ఉండేది ఉన్నట్టు కొట్టల్లనా?"

ఇదంతా రాసి ఒకసారి మొదటి నుంచి చదువుకున్నాను. చదివితే నాకే నవ్వొచ్చింది. వాళ్లందరి మాటలూ వాళ్లవిగానే ఉన్నాయి. నావి మాత్రం ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని రాసుకున్నా, నా పక్కన కూడా సూపర్‌వైజర్ నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్ల ఆఫీసు అలవాటు, ఇప్పుడు పొమ్మంటే పోతాడా? అందుకే నేనూ ఒక అనుబంధం పెడుతున్నాను. అలవాటున్నవాళ్లు వెళ్లి చూడండి.

అనుబంధం

(ఈ కథ మా ఎదురింటి అమ్మాయికి చెప్పిన రోజు ఆఖర్న నేను అన్న మాట, అన్నది అన్నట్టు.)

"అదీ పాపా కత. ఎవురూ సదవరని అనుబంధంలో ఏదంటే అది పారెయ్యబాక. ఆ కాయలేరే యమ్మ ఆడ కూసోనుండాది. నువ్వు పుస్తకం తెరిసినా తెరవకపోయినా, పక్కన ఎవురూ లేనట్టు, దయిర్నంగా మాట్లాడతా ఉండాది. రేపు ఎవురో ఒకరు పోయి సూస్తారు, నా మాదిరి తిక్కదొకతి యాడో ఒకచోట ఉండనే ఉంటాది. సరే, ఇంగ ఆ సిక్కుడుకాయలు ఇట్లా తే."